క్లోరిన్ బాబాయి నీళ్ళు

వీధిలో అందరూ ఆయన్ని క్లోరిన్ బాబాయి అనేవారు. ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గర మందు కలిపే ఉద్యోగం మరి. తన చేతి నీళ్ళు తాగి ఒక్కరికీ వాంతి కాలేదని ఆయనకు మహా గర్వం. కోపం ఎలాగూ ముక్కు మీదే ఉండేది.

ఇంట్లో బావమరిది కూడా ఉండేవాడు. టైలరు. ముందు గదిలో మిషను, దాని పక్కన చేపల తొట్టి. వారానికోసారి పావు వంతు నీళ్ళు తీసి కొత్తవి పోసేవాడు. ఆ కొత్త నీళ్ళు ముందురోజే బకెట్లలో పట్టి, క్లోరిన్ ఎగిరిపోవాలని మూత పెట్టకుండా బాత్‌రూమ్‌లో ఉంచేవాడు. స్నానానికి వెళ్ళినప్పుడల్లా అవి బాబాయి కాళ్ళకు అడ్డం తగిలేవి. అదైనా ఓర్చుకున్నాడు. కానీ ఒకరోజు బట్టలు కుట్టించుకోవడానికొచ్చిన నలుగురి ముందు బావమరిది నోరు జారాడు. "మా బావ కలిపే మందు చేపలకే పడదు, మనకెలా పడుతుందో."

అంతే, మాటలు తెగిపోయాయి. ఉప్పు కావాలన్నా మధ్యలో ఆ కబురు ఇంటావిడే మోయాలి, ఒకరికి భార్య, ఇంకొకరికి అక్క. పిల్లల్లేని మనిషి. పగలంతా తొట్టిలోని ఎర్ర చేపను "ఏమే చిన్నదానా" అంటూ పలకరించుకునేది.

ఇంతలో ట్యాంకు దగ్గర పద్ధతి మారింది. క్లోరిన్‌తో పాటు అమోనియా కూడా కలుపుతున్నారు. ఆ మందు రాత్రంతా బకెట్లో ఉంచినా పోదు. మనుషులకేం కాదుగానీ చేపలకు విషం, కొట్లో అమ్మే విరుగుడు చుక్కలు వెయ్యాల్సిందే. చేపలు పెంచేవాళ్ళందరికీ చెప్పమన్నాడు ఇంజనీరు. వీధి చివర చేపలున్న డాబా ఇంటికి నడిచి వెళ్ళి మరీ చెప్పొచ్చాడు బాబాయి. ఇంట్లో మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఊరుకున్నాడు. వాడికి బుద్ధి రావాలి.

ఆ వారం మిషను సూది బావమరిది వేలిలో దిగింది. నీళ్ళు మార్చే పని అక్క మీద పడింది. చిన్నదానికి హాయిగా ఉంటుందని పావుకు బదులు సగానికి పైగా తీసేసింది. చేపలు బెదరకుండా, రాత్రి బకెట్లో పట్టి ఉంచిన నీళ్ళు చెంబుతో మెల్లగా పోస్తుంటే బాబాయి కుర్చీలోంచి చూస్తున్నాడు. "ఆగు" అన్న మాట గొంతు దాకా వచ్చింది. మిషను ముందు బావమరిది మొహం కనబడగానే మింగేశాడు.

సాయంత్రానికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. తెల్లారేసరికి అన్నీ తేలిపోయాయి, ఎర్రది కూడా.

"నీళ్ళలో ఏమైనా మార్చారా బావా?" అన్నాడు బావమరిది, ఇన్నాళ్ళకు.

"మార్చారు."

"తెలిసీ చెప్పలేదేం?"

"నా మందు సంగతి నీకే బాగా తెలుసుగా."

ఎర్ర చేపను అరచేతిలో పెట్టుకుని వింటోంది ఆవిడ. ఏడవలేదు. "పోసింది నేను. మీరు చూస్తూ కూర్చున్నారు," అంది.

వాడి మీద కోపమే గానీ నీ మీద కాదు అనబోయాడు. ఆవిడ అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. పెళ్ళైన నాటి నుంచీ అడక్కుండానే చేతికొచ్చే గ్లాసు ఆరోజు రాలేదు. కాసేపు చూసి, మంచినీళ్ళిమ్మని కేకేశాడు.

"మీ నీళ్ళేగా," అంది ఆవిడ వంటగదిలోంచి. "మీరే పట్టుకోండి."