కాలనీ గోడకి ఆరు కన్నాలు

ఆ రోజుల్లో మనిషి విలువంతా తెలిసిన ఇంగ్లీషు మాటల్లోనే ఉంటుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా వరస క్వార్టర్లన్నిటిలోకీ ఇంగ్లీషు లిటరేచర్‌తో బి.ఏ. చదువుతున్నది నేనొక్కదాన్నే. (ఇష్టపడి తీసుకున్నది కాదు, సైన్సులో సీటు రాలేదు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుసు.) ఒకే పేజీలో ఒకే మాట రెండుసార్లు వాడితే భాషలోని దరిద్రం బయటపడుతుందని కాలేజీలో మేడమ్ ఒకసారి అన్నారు. అంతే, పాత పుస్తకాల దుకాణంలో లావుపాటి పర్యాయపదాల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. ఆ పుస్తకం పుణ్యమా అని ఒక ముసలావిడ నోటి దగ్గరి కూడు పోవలసింది. పోకుండా ఎలా ఆగిందో తలుచుకుంటే ఇప్పటికీ హమ్మయ్య అనుకుంటాను.

మా క్వార్టర్ల వెనక ప్రహరీ గోడకి, నీళ్ళ పంపు పక్కన, ఒక కన్నం ఉండేది. ఇటుకలు ఎవరు ఊడదీశారో, ఎప్పుడు ఊడదీశారో ఎవరికీ తెలియదు. నేను పుట్టేసరికే ఉంది. కాస్త వంగి, పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుంటే అవతల బస్తీలో తేలతాం. ఆ బస్తీలో బొబ్బిలప్ప ఉండేది. (పుట్టిల్లు బొబ్బిలి, అందుకని అందరికీ బొబ్బిలప్పే.) మా నాన్నమ్మా ఆవిడా ఒకే ఏడు పెళ్ళిళ్ళై, ఒకే రైల్లో విజయనగరం నుంచి ఈ ఊరికి కాపరాలకి వచ్చారు. భర్త రిటైరయ్యాక బొబ్బిలప్ప క్వార్టర్ ఖాళీ చేసి గోడ అవతలికి మారింది. ఆయన పోయాక మంచం పట్టింది. పిల్లల్లేరు. రోజూ పదకొండింటికి నాన్నమ్మ రెండు గిన్నెల కేరియర్ పట్టుకుని కన్నంలోంచి దూరి వెళ్ళి, ఆవిడకి చారన్నం తినిపించి వచ్చేది. ఇంకెవరు పెట్టినా బొబ్బిలప్ప రెండు ముద్దలకే చాలనేది. గేటు వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళాలంటే అరగంట నడక, నాన్నమ్మ మోకాళ్ళేమో పది నిమిషాలకే మొరాయించేవి.

ఇలా ఉండగా ఒకరోజు కాలనీ గేటు దగ్గర నోటీసు అంటించారు. కాలనీ గోడలకి ఎక్కడెక్కడ కన్నాలున్నాయో చూసి అన్నీ మూసేస్తారట. ఆ సాయంత్రమే మా వరండాలో పంచాయితీ కూర్చుంది. పెద్దరికం వహించింది షెడ్డు మావయ్య. (డ్యూటీ లోకో షెడ్డులో, తీర్పులు మా వరండాలో.) మూయొద్దని అర్జీ పెట్టాలని తేల్చాడు. హిందీలో రాసేద్దామని మా నాన్న అంటే ఒప్పుకోలేదు.

“హిందీలో రాస్తే అక్కడికక్కడే చదివీసి కుదరదనీస్తారు బావా. ఇంగ్లీషైతే పదిమంది చేతులు మారతాది. ఏటమ్మా, రాసీగలవా?”

రాసీగలవా అంటే నాకు పౌరుషం రాదూ! తలుపేసుకుని రెండు పేజీలు రాశాను. మొదటి వాక్యంలో పంపు పక్కనున్న గ్యాప్ అన్నాను. రెండో వాక్యంలో మళ్ళీ గ్యాప్ అంటే దరిద్రం కదా, మునగచెట్టు ఎదుట ఉన్న ఓపెనింగ్ అన్నాను. తర్వాత అదే కన్నం స్కూలు రోడ్డు వైపు అపర్చర్, బస్తీ వాళ్ళ బ్రీచ్, మా క్వార్టర్ వెనక ఫిషర్. చివరి పేరాలో, మా నాన్నమ్మ నిత్యం ఉపయోగించుకునే ఆరిఫిస్‌ని దయచేసి మూయవద్దని ప్రార్థించాను. చదివి వినిపిస్తే ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. అందుకే బాగుందన్నారు. ముప్ఫైమంది దాకా సంతకాలు పెట్టారు.

పది రోజులకి ట్రాక్టర్ నిండా ఇటుకలూ సిమెంటూ దిగాయి. వెంట వచ్చిన సూపర్‌వైజర్, పక్క ఊరు బిల్హా నుంచి రోజూ లోకల్ రైల్లో వచ్చే పెద్దమనిషి, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ఒక కాగితం తీశాడు. నా అర్జీలోంచి ఏరి, ఆఫీసులో ఎవరో వరసగా పట్టిక వేశారు. మొత్తం ఆరు. మా వైపు కన్నం ఉందని వాళ్ళకి అంతవరకూ తెలియనే తెలియదట! దొంగకి తాళంచెవి ఇచ్చి ఇల్లు చూపించినట్టయింది నా పని. ఇంటింటి నుంచీ జనం బయటికొచ్చి గోడనీ నన్నూ మార్చి మార్చి చూశారు. నేలలోకి దిగబడిపోతే బాగుండుననిపించింది.

నాన్నమ్మ మాత్రం కేరియర్ పట్టుకుని వెళ్ళి సరిగ్గా కన్నంలో కూర్చుంది. “ముందు మా అప్పకి బువ్వెట్టొస్తాను. ఆనక కట్టుకుంటే కట్టుకోండి. రేపు ఆవిడెలా తింటాదో మీరే సెప్పాల.”

సూపర్‌వైజర్ ఆవిడకి దండం పెట్టి పక్కకి తప్పుకుని, గోడ వెంబడి ఆ చివర దాకా నడిచి, చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. “బేటీ, ఈ అర్జీ నువ్వే రాశావటగా. గ్యాప్ దొరికింది. ఈ ఆరిఫిస్ ఎక్కడుంది?”

ఏడుపు ఆపుకోలేక నిజం చెప్పేశాను. “అన్నీ ఇదే అంకుల్. ఉన్నది ఒక్కటే. అందం కోసం పేర్లు మార్చాను.”

ఆయన కాగితాన్ని చూశాడు, కన్నాన్ని చూశాడు, కన్నంలో నాన్నమ్మని చూశాడు. “అచ్ఛా! ఆరు మూశానని సంతకం పెట్టాలి నేను. ఒకటి మూసి ఆరని ఎలా రాయను? ఒకటే ఉందంటే మిగతా ఐదూ వెతకలేదంటారు” అని గొణుక్కుని, కాగితం వెనక ‘ఐదు కనబడలేదు, మళ్ళీ సర్వే చేయాలి’ అని రాసి ట్రాక్టర్ వెనక్కి తిప్పించాడు. ఆ సర్వేకి ఎండాకాలం దాటాక ఒక ఆఫీసరు వచ్చారు. నాన్నమ్మ వంగి దూరడం కళ్ళారా చూసి, అక్కడ మనిషి నిటారుగా నడిచేంత ఇనుప గేటు పెట్టించారు. షెడ్డు మావయ్య అది తన సలహా అని చాలాకాలం చెప్పుకున్నాడు.

ట్రాక్టర్ వెళ్ళిపోయిన రోజునే కేరియర్ నేను పట్టుకుని నాన్నమ్మతో అవతలికి వెళ్ళాను. నాన్నమ్మ జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్తుంటే బొబ్బిలప్పకి నవ్వి నవ్వి పొలమారింది.

“ఓలమ్మా, గోడకన్నానికి ఆరు పేర్లేటే! మా ఆయన బతికినన్నాళ్ళూ నన్నొక్క పేరెట్టి పిలవనేదే!”

“మరి నీ పేరేటి?” అని అడిగాను. ఆవిడ సిగ్గుపడి, గోడ వైపు తిరిగి చెప్పింది. ఇక్కడ రాయను గానీ, చాలా మంచి పేరు. పందొమ్మిదేళ్ళుగా ఆ గడప తొక్కుతూ అంతవరకూ అది అడగాలని తోచని ఆ ఇంగ్లీషు పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, చెవి మెలిపెట్టాలనీ అనిపిస్తుంది. ఆ రోజు నుంచి ఆవిడని ఆ పేరుతోనే పిలిచాను. పిలిచినప్పుడల్లా ఇంకో ముద్ద ఎక్కువ తినేది.