లేజరూ, నా నోరూ

రెండేళ్ళ పాటు మా ఇంట్లో అందరూ నేను మారిపోయేననుకున్నారు. "వయసొచ్చేక కాస్త నెమ్మదించింది" అని మా ఆయన వాళ్ళక్కగారికి ఫోన్లో సంబరంగా చెప్తుంటే పక్కగదిలోంచి విన్నాను. నెమ్మదించడం నా జాతకంలో లేదు. ఇరవయ్యేళ్ళుగా అమలాపురంలో ఇంటర్ పిల్లలకి పౌరశాస్త్రం చెప్తున్నదాన్ని. తప్పుమాట వింటే నేను లేవకముందే నా నాలుక లేస్తుంది. అలాంటిదాన్ని నోరు మూసుకున్నది ఒక్కందుకే. గొంతు పెంచితే కింద తడిసేది.

రెండో కాన్పు తరవాత నించీ తుమ్మితే ఒకటి రెండు చుక్కలు జారేవి. పిల్లల్ని కన్నాక ఇవన్నీ మామూలే అనుకున్నాను. నలభై అయిదు దాటేక దగ్గినా, నవ్వినా, మెట్లు దిగినా, ఆఖరికి "అదెలా కుదురుతుందండీ?" అని గట్టిగా అన్నా అదే తంతు. ఓసారి స్టాఫ్‌రూమ్‌లో పరీక్ష డ్యూటీలన్నీ ఆడవాళ్ళకే ఎందుకు వేసేరని లేచి అడుగుతూ, సగంలో ఆపి కూర్చుండిపోయేను. ఎదుటాయన తను గెలిచేననుకుని తీరిగ్గా టీ తాగేడు. ఆ టీ తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

నేను కోరుకున్నది పెద్ద ఆరోగ్యమేం కాదు. నిలబడి, గొంతెత్తి, చివరి మాట దాకా దెబ్బలాడగలగాలి. అంతే. అది కూడా పోతే నా దగ్గిర ఇంకేం మిగిలింది?

ముందు మా ఊళ్ళోనే ఒక లేడీ డాక్టరుకి చూపించుకున్నాను. ఒంటేలు ఆపుకునేటప్పుడు ఏ కండరాలు బిగుస్తాయో వాటిని రోజూ మూడు పూటలా బిగించి వదలమంది. మందు లేదు, మిషను లేదు. ఇంత చదువు చదివి ఈవిడ చెప్పేది ఇదా అని మొహం ముడుచుకుని వచ్చేసేను. తరవాత ఒకరోజు ఫోన్లో లేజరు గురించి చూసేను. కోత లేదు, కుట్లు లేవు, అదే రోజు ఇంటికొచ్చేయొచ్చు. కాకినాడలో చేస్తారని తెలిసింది.

తోడు కావాలి. మా ఆయన్ని తీసుకెళ్తే నా నెమ్మదితనం వెనక సంగతి తెలిసిపోతుంది. అందుకని రామచంద్రపురంలో ఉండే వదినగారిని, అంటే మా ఆయన అక్కగారిని, అడిగేను. ఆవిడకి అరవై దాటేయి. ముక్తేశ్వరం రేవులో పంటెక్కి గోదావరి దాటి, అవతల కోటిపల్లిలో బస్సెక్కి ఆవిడింటికి వెళ్ళి విషయం చెప్పేను.

"లైటుతోటా?" అన్నారావిడ. "కంటికి చేస్తారని విన్నాను గాని, దానిక్కూడానా! ఏ జన్మలో చేసిన పాపమే ఆ డాక్టరుది?"

కాకినాడ డాక్టరమ్మది రాయలసీమ. మెత్తటి మనిషి. మూత్ర పరీక్ష, ఇంకో రెండు పరీక్షలు చేయించి, మా ఇద్దర్నీ కూచోబెట్టి చెప్పింది. పొత్తికడుపు కింద మూత్రపు సంచినీ గర్భసంచినీ పేగుల్నీ మోసే కండరాలు ఉంటాయట. కాన్పులతో, వయసుతో అవి వదులవుతాయట.

"నవారు మంచం వదులైనట్టన్నమాట" అన్నారు వదినగారు.

"అచ్చం అంతేనమ్మా. లేజరు వేడికి లోపలి గోడ కొంచెం బిగుస్తుంది. కింద మోసే నవారు మాత్రం వ్యాయామంతో మీరే బిగించుకోవాలి. కొందరికి లేజరు బాగా పనిచేస్తుంది, కొందరికి అంతగా చెయ్యదు. మీకు కచ్చితంగా తగ్గుతుందని నేను మాటివ్వలేను. నెలకొకటి చొప్పున మూడుసార్లు చేసి చూద్దాం."

"ఆయ్" అన్నాను అన్నిటికీ.

మొదటిసారి పావుగంట కూడా పట్టలేదు. లోపల వెచ్చగా అనిపించి, అక్కడక్కడా చిన్న చురుకు. నొప్పి కన్నా సిగ్గు ఎక్కువ, సిగ్గు కన్నా ఏసీ చలి ఎక్కువ. కొన్నాళ్ళు బరువులెత్తొద్దన్నారు. నడుం పట్టేసిందన్న వంకతో మా ఆయన చేత బిందెలు మోయించేను.

నెల తిరిగేక డాక్టరమ్మ అడిగింది. "ఎలా ఉందమ్మా?"

"చాలా బావుందండీ. సగానికి సగం తగ్గిపోయింది."

ఒక్క చుక్క తగ్గలేదు. మరి అలా ఎందుకన్నావంటే, మా కోనసీమ వాళ్ళకే అర్థమవుతుంది. మా వైపు పెట్టిన పులుసులో ఉప్పు లేకపోయినా "అమృతమండీ" అని ఇంకో గరిటె వేయించుకుంటాం. మనకోసం కష్టపడ్డ మనిషి మొహమ్మీద "లాభం లేదండీ" అనడం మాకు పెద్ద తప్పు. ఊరందరితో పోట్లాడే నేను, మంచిగా మాట్లాడిన మనిషి దగ్గిర మాత్రం పిల్లినైపోతాను. రాయలసీమ మనిషికి ఈ మర్యాద ఏం తెలుస్తుంది? నా మాట నిజమనుకుని కాగితమ్మీద రాసుకుంది.

రెండో లేజరూ అయ్యింది, మూడో నెలా అంతే. "దేవుడిలా దొరికేరండీ" అన్నాను. వ్యాయామం చేస్తున్నారా అంటే "ఆయ్, రోజూనండీ" అన్నాను. లేజరు ఉండగా అదెందుకని ఒక్క రోజైనా చెయ్యలేదు. "ఇంత తగ్గితే మూడోది అక్కర్లేదేమో" అంటూ డాక్టరమ్మ పెన్ను తీసింది.

వదినగారు కుర్చీలోంచి ఒక్కసారి ముందుకి వంగేరు. "అబద్ధమండీ డాక్టరుగారూ! మా ఇంటికొచ్చిందంటే మంచినీళ్ళు తాగడం తరవాత, ముందు చీర మార్చుకుంటుంది. ఇందాక బస్సు గతుక్కి నా చెయ్యి పట్టుకుని కొయ్యయిపోయింది. వ్యాయామం లేదు, గియ్యామం లేదు."

"వదినగారూ!" అన్నాను.

"నోర్ముయ్యి. మర్యాదకి పోయి మంచం తడుపుకుంటావా?"

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీరు పాఠాలు చెప్తారు కదా. అర్థం కాకపోయినా అయ్యిందన్న పిల్లల్ని ఏం చేస్తారు?"

"బెంచీ ఎక్కిస్తానండీ."

"ఎక్కండి" అని పరీక్ష చేసే బల్ల చూపించింది.

గ్లవ్ వేసుకుని, ఇప్పుడు బిగించండి అంది. ఊపిరి బిగబట్టి బిగించేను. "మీరు బిగిస్తున్నది పొట్ట. తొడలు కూడా. అసలుది కదలనే లేదు" అంది. నాకు తెలీని కండరం నా ఒంట్లోనే ఉందని యాభై ఏళ్ళకి దగ్గిర పడ్డాక తెలిసింది. అది దొరికేదాకా వదలకుండా నేర్పించి, మూడు నెలలు నిజంగా చేసి రండి, మూడో లేజరు సంగతి అప్పుడు చూద్దామని పంపించేసింది.

చేసేను. ఎక్కువగా పరీక్ష డ్యూటీలోనే. నిలబడి, చేతులు కట్టుకుని, పది లెక్కపెట్టి వదలడం. పిల్లలకి నా మొహంలో ఏం కనిపించేదో గాని, ఆ నెలల్లో నా గదిలో ఒక్కడూ చీటీ తియ్యలేదు. తరవాత మూడో లేజరూ అయ్యింది. ఇంకో రెండు నెలలకి చూపించుకోడానికి వెళ్ళినప్పుడు, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేను. చాలామటుకు పోయిందండీ, జలుబు చేసి వరస తుమ్ములొస్తే మటుకు ఇంకా జారుతోంది. తగ్గింది లేజరు వల్లా, వ్యాయామం వల్లా అని అడిగేను.

"చెప్పలేనమ్మా. రెండూ కావచ్చు" అంది డాక్టరమ్మ. ఆ మాటతో ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

ఆ రోజు తమ్ముణ్ణి చూద్దామని వదినగారు కూడా నాతో అమలాపురం బయల్దేరేరు. కోటిపల్లి రేవులో పంటు కోసం చూస్తున్నాం. బల్ల ఖాళీగా ఉన్నా ఆవిడ కూర్చోరు. నడుం మీద చెయ్యేసుకుని కాళ్ళు మారుస్తున్నారు. ఏమిటని నాలుగుసార్లు అడిగితే చెప్పేరు.

"ఏదో కిందకి దిగినట్టుంటుందే. సాయంత్రమయ్యేసరికి బరువు. పదేళ్ళయ్యింది."

"పదేళ్ళా! మరి ఆ డాక్టరు ముందు ఇన్నిసార్లు కూర్చుని నా మీద చాడీలు చెప్పేరే, మీది చెప్పలేకపోయేరా?"

"నీది లైటుతో పోయే రోగం. నాది అలాంటిది కాదు."

"లైటు పనిచెయ్యకపోతే, దిగినదాన్ని పైకి పట్టి ఉంచడానికి లోపల రింగు పెడతారు. అదీ కాకపోతే ఆపరేషను. ఏది కావాలో చూసి చెప్పాల్సింది ఆవిడా, మీరా?"

"ఈ వయసులో చూపించుకోనా? నీకైతే సిగ్గు లేదు."

"ఆయ్, లేదు! సిగ్గుంటే ఇంకా చీరలే మార్చుకుంటూ ఉండేదాన్ని!"

"మెల్లిగానే, అందరూ వింటున్నారు."

"విననివ్వండి! వీళ్ళలో సగం మందికి ఇంట్లో ఇదే బాధ ఉండుంటుంది!"

మోటారుసైకిళ్ళ మీదున్న మగాళ్ళు గోదావరి వైపు తిరిగి నీళ్ళని శ్రద్ధగా చూడ్డం మొదలెట్టేరు. చేపల తట్ట పెట్టుకు కూర్చున్నావిడ మాత్రం మా వైపే చూస్తూ తలూపింది. పంటు వచ్చింది, జనం ఎక్కేరు, మేం ఎక్కలేదు.

"సరేనే తల్లీ, వస్తాను. ముందు ఆ అరుపు ఆపు" అన్నారు వదినగారు.

"మనవాళ్ళు 'వస్తాను' అంటే ఏమిటో నాకు తెలుసు. ఇప్పుడే ఫోన్ చెయ్యండి."

చేసేరు. సోమవారం పదింటికి రమ్మన్నారు. ఆవిడ ఫోను సంచిలో పెట్టుకుంటుంటే అప్పుడు గమనించేను. పావుగంట నించీ నిలబడి, గొంతు చించుకుని అరుస్తున్నాను. చీర పొడిగా ఉంది.

తరవాతి పంటుకి ఇంకా టైముంది. ప్రయాణమంటే చాలు నీళ్ళు తాగడం మానేస్తారేమిటని వదినగారితో ఇంకో దెబ్బలాట మొదలెట్టేను.