తొమ్మిది దొప్పల ఉప్పు

ఉగాది వెళ్లిన ఐదో రోజు సాయంత్రం తొమ్మిది మోదుగాకు దొప్పల్లో దొడ్డు ఉప్పు పోసి, రోహిణి నుంచి ఉత్తర దాకా ఒక్కో దొప్పకు ఒక్కో కార్తె పేరు పెట్టి, తెల్లవారి ఏ దొప్పలో ఉప్పు తడిస్తే ఆ కార్తెలో వాన పడుతుందని చూసే ఆచారం పాలమూరు పల్లెల్లో తరతరాలుగా ఉందని మీరు ఎక్కడో చదివే ఉంటారు. అది రాసింది నేనే. తరతరాలంటే నాలుగేళ్లు.

నేను వనపర్తిలో తెలుగు చెప్పే పంతులును. సొంతూరు ఉప్పునుంతల దగ్గర ఒక పల్లె. నాలుగేళ్ల కింద గద్వాలలో కొందరు సాహితీమిత్రులు ఉగాదికి ఒక పుస్తకం వేద్దామనుకున్నారు. చైత్రమాసపు ఆచారాలు, వాన గుర్తులు, పల్లె నమ్మకాలు నా వంతుకు వచ్చాయి.

"మీది పల్లెటూరే కద సారూ, మీకు నోట్లనే ఉంటయి" అన్నారు.

నా నోట్లో ఏమీ లేదు. పదో తరగతి తర్వాత పండగకు ఊరికి వెళ్లి భక్ష్యాలు తిని రావడమే తప్ప, ఆకాశం వంక పనిగట్టుకొని చూసింది లేదు. అయినా తల ఊపాను. పల్లెటూరివాడినని చెప్పుకుంటే పట్నం సభల్లో ఎంత గౌరవం దొరుకుతుందో పల్లెలో ఉండేవాడికి తెలియదు పాపం.

మొదట అమ్రాబాద్ వెళ్లాను. నల్లమల అడవిలో పుట్టి పెరిగిన పెద్దమనిషి ఒకాయన ఇప్పచెట్టు కింద పూలు ఏరుతూ కనిపించాడు. పెన్ను తీసి అడిగాను.

"ఇప్పపువ్వు ముందుగాల రాలితే ఏమన్న అర్థం ఉంటదా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "రాలిందని అర్థం సారూ. జల్ది ఏరుకోవాలె. లేకుంటే ఎలుగు తింటది."

బస్టాండు దగ్గర హోటల్లో భోంచేసి, "నల్లమల పెద్దలు ఇప్పపువ్వు రాలే తీరును బట్టి వర్షాన్ని అంచనా కడతారు" అని రాసుకొని తిరుగు బస్సెక్కాను. ఆ వాక్యం కూడా పుస్తకంలో ఉంది. అదీ అబద్ధమే.

తర్వాత మా మేనత్త దగ్గరికి వెళ్లాను. మా నాన్నకు అక్క. ఎనభైకి దగ్గర పడిన మనిషి. ఊళ్లో ఆమెకు ఒక పేరు ఉండేది. ఉగాది వెళ్లాక ఆడవాళ్లు కొంగున విత్తనాలు కట్టుకొని ఆమె ఇంటికి వచ్చేవాళ్లు. కందులో, జొన్నలో, పల్లీలో. వాటిలోంచి నూరు గింజలు లెక్కబెట్టి, తడి గోనెసంచిలో చుట్టి పెట్టి, నాలుగైదు రోజులకు విప్పి మొలకలు చూసేది. బాగుంటే "ఎయ్యి" అనేది. బాగలేకుంటే "కోళ్లకెయ్యి" అనేది. అంతకు మించి మాట్లాడేది కాదు. మొగవాళ్లు కట్టమీద కూర్చొని ఎన్ని కబుర్లు చెప్పినా, ఆమె కోళ్లకు వెయ్యమన్న విత్తనం మా ఊళ్లో ఏ చేనులోకీ వెళ్లేది కాదు.

"అత్తా, చైత్రంల వాన గుర్తులు ఏమేం ఉంటయో చెప్పు. పుస్తకంల నీ ముచ్చట రాస్త" అన్నాను.

"వాన సంగతి నాకేం తెల్వదురా."

"పాతకాలంల చూసెటోళ్లు కద. గాలి ఎటు కొడ్తుందో, పిట్ట యాడ గూడు పెట్టిందో."

"ఎందుకు చూడరు, చూసెటోళ్లు. చూసి, పడ్తదని కొందరు, పడదని కొందరు అనెటోళ్లు. పడ్డంక మాత్రం నేను ముందే చెప్పలేదా అని అందరు అనెటోళ్లు." ఆమె పళ్లు లేని నోటితో నవ్వింది. "ఆకాశం ఏమన్న మనింటి ఎద్దా, నేను చెప్తె ఇనెతందుకు? ఇత్తనం సంగతైతే చెప్త. గది రాసుకో."

రాసుకోలేదు. తడి గోనెసంచిలో రాయడానికి ఏముంది? వ్యవసాయ శాఖ వాళ్లు కూడా అదే చెబుతారు. నాకు కావలసింది పూర్వీకులు, నక్షత్రాలు, వీలైతే ఒక పక్షి. వనపర్తికి వచ్చి ఫోన్లో వెతికితే, ఎక్కడో చలిదేశంలో ఉల్లిగడ్డ పొరల్లో ఉప్పు పోసి ఏడాది వానలు చూసుకునే అలవాటు ఒకటి కనిపించింది. ఉల్లిగడ్డ తీసేసి మోదుగాకు పెట్టాను. పన్నెండు నెలలు తీసేసి తొమ్మిది కార్తెలు పెట్టాను. ఒక ప్రాంతపు సంస్కృతిని తయారు చెయ్యడానికి నాకు గంట కూడా పట్టలేదు. చివర, చదివేవాళ్లకు నమ్మకం కుదరాలని, ఇది మా మేనత్త నోట విన్నానని ఊరితో సహా రాశాను. మిగతా రాతంతా తెలివితక్కువతనం అనుకోవచ్చు. ఆ ఒక్క వాక్యం మాత్రం దుర్మార్గం.

రాసేటప్పుడు నాకు తట్టని సంగతి ఒకటుంది. చైత్రంలో పాలమూరులో ఉప్పు తడవదు. మనిషి తడుస్తాడు, చెమటతో. మరుసటి ఉగాదికి జనం నిజంగా దొప్పలు పెట్టినప్పుడు ఆ విషయం బయటపడాలి. పడలేదు. ఉప్పు తడవకపోతే దొప్పలు పెట్టడంలో తమదే ఏదో తప్పు జరిగిందనుకొని జనం చోటు మార్చి మళ్లీ పెట్టారు. కూలర్ ముందు పెట్టుకున్న వాళ్లకు తొమ్మిది కార్తెలూ కుండపోతే.

జనం దాకా అది ఎలా వెళ్లిందంటారా? పుస్తకాన్ని ఎవరూ చదవలేదు. ఆ ఒక్క పేజీ ఫోటో మాత్రం వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. ఒక యూట్యూబ్ కుర్రాడు కెమెరా పట్టుకొని మా మేనత్త ఇంటికే వెళ్లాడు. ఆమె, "ఉప్పు లేదు, పప్పు లేదు, మా అల్లుడు రాసిండు, వాన్నే అడుగు పో" అని చీపురు తీసుకుంది. ఆ వీడియోకు అతను పెట్టిన పేరు, "వాన రహస్యం చెప్పడానికి నిరాకరించిన అవ్వ". దాంతో ఆమె మీద నమ్మకం ఇంకా పెరిగింది. చెప్పనంటే తప్పకుండా ఏదో తెలిసే ఉంటుందని మనవాళ్ల లెక్క.

ఆమె నాకు ఫోన్ చేయించింది. "ఉప్పు ముచ్చట నేనెప్పుడు చెప్పినరా నీకు?"

"ఏదో రాసిన లే అత్తా. మంచిగనే రాసిన. నీకు పేరొచ్చింది కద."

"ఇంతకుముందు నాకు పేరు లేకుండెనా?"

సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను.

ఆ ఏడే మా మేనత్త ఇంటికి మూడిళ్ల అవతల ఉండే కౌలు రైతు దొప్పలు పెట్టాడు. నాకంటే చిన్నవాడు, ఆమెను పెద్దమ్మా అని పిలుస్తాడు. ఇంట్లో చల్లనీళ్ల మట్టికుండ, రంజన్ పక్కన పెట్టాడు. రంజన్ కారి రెండో దొప్ప తడిసింది. రెండోది మృగశిర. ఆమె దగ్గరికి పరుగెత్తాడు.

"పెద్దమ్మా, మిర్గం దొప్ప తడిసింది. పొడి దుక్కిలనే పత్తి గింజ పెట్టనా?"

"ఉప్పు ముచ్చట నాది కాదురా, మా అల్లుడు రాసిండు. మంచి వాన పడి భూమి పదును అయ్యేదాంక పెట్టకు."

వీడియోలో లాగే దాస్తోందనుకున్నాడు. మృగశిరకు ముందే పొడి దుక్కిలో గింజ పెట్టాడు. ఆయన్ను చూసి ఇంకో నలుగురు పెట్టారు. రెండు చినుకులు పడి గింజ పగిలింది, మొలక తలెత్తింది, ఆ తర్వాత మూడు వారాలు మబ్బు జాడ లేదు. మొలకలు నిలువునా మాడిపోయాయి. నల్లా దగ్గర అందరూ బిందెలు పెట్టుకొని నిలబడినప్పుడు అతను మా మేనత్తను, "మా నోట్ల మన్ను కొట్టినవు గదనే ముసల్దానా" అన్నాడు. ఎవరూ అడ్డం రాలేదట. ఆమె సగం నిండిన బిందె తీసుకొని వెళ్లిపోయిందని ఊరి నుంచి వచ్చిన చుట్టం చెప్పాడు.

తర్వాతి ఉగాదికి ఊరికి వెళ్లాను. ఆమె గోనెసంచి ఉతికి, తడిపి, వాకిట్లో సిద్ధంగా పెట్టుకుంది. వారమైనా ఒక్క ఆడమనిషి కూడా కొంగున గింజ కట్టుకొని రాలేదు. ఎండకు సంచి ఆరిపోతే ఆమె మళ్లీ తడిపేది. నేను అక్కడే ఉండి చూశాను. అప్పుడే ఊళ్లో నాలుగిళ్లు తిరిగి, రాసింది నేను, ఆమె కాదు అని చెప్పి ఉంటే సరిపోయేది. భక్ష్యాలు తిని, రెండు కట్టించుకొని, బస్సెక్కాను. ఆ పై ఉగాదికీ అంతే. సంచి తడపడం మాత్రం ఆమె మానేసింది.

ఈ ఏడు ఉగాదికి గద్వాలలో సభ పెట్టి నన్ను సన్మానిస్తామన్నారు. వేదిక మీద బల్ల వేసి, దాని మీద తొమ్మిది దొప్పలు పేర్చారు. మోదుగాకులు దొరకలేదని కాగితం దొప్పలు తెచ్చారు. ఉప్పు కూడా అయోడిన్ కలిపిన మెత్తటి ఉప్పు. దాన్ని చూసి నాకు నవ్వు రాలేదు. మైకు తీసుకొని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఈ ఆచారం లేదు, నేను పుట్టించాను, మా మేనత్త పేరు వాడుకున్నాను, దానివల్ల ఆమె ఊళ్లో మాట పోగొట్టుకుంది అన్నాను.

సభ చప్పట్లు కొట్టింది. అధ్యక్షుడు మైకు అందుకొని, "చూడండి, సారు ఎంత వినయవంతులో" అన్నాడు. ముందు వరుసలో రిటైరైన పెద్దమనిషి ఒకాయన లేచి, తన చిన్నతనంలో తాతగారు ఉప్పు దొప్పలు పెట్టడం కళ్లారా చూశానని, అవి ఎన్నడూ తప్పలేదని చెప్పాడు. ఆయన తాత నా అబద్ధంలోకి ఏ దారిన వచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు శాలువా కప్పారు.

మరునాడు పొద్దున ఊరికి వెళ్లి మా మేనత్తకు అంతా చెప్పాను. ఆమె పప్పు చెరుగుతూ విన్నది.

"యాడ చెప్పినవు?"

"గద్వాలల. సభల. మందిల చెప్పిన అత్తా."

"గద్వాలోళ్లు నా ఇంటికి ఇత్తనాలు తెచ్చెటోళ్లా?"

ఆమె చాటను ఇంకోసారి ఎగరేసింది.

"నీకు శాలువా కప్పిన్రు. నాకేమొచ్చింది? ఎవల చేను మాడిందో వాని ఇంటికాడ చెప్పు. ఎన్కట రాసినవు కద, గట్లనే మళ్ల రాయి. గంతదాంక నా కాడ కూసోకు."

మూడిళ్ల అవతలికి నడవడానికి నాకు చాలాసేపు పట్టింది. అతను వాకిట్లో మందు కొట్టే పంపు విప్పి బాగు చేసుకుంటున్నాడు. నిలబడే చెప్పాను. అతను చేతిలో పని ఆపలేదు.

"పెద్దమ్మ అప్పుడే చెప్పింది సారూ, ఉప్పు ముచ్చట నాది కాదు, మా అల్లుడు రాసిండని. సదువుకున్నోడు అబద్ధం రాస్తడా అనుకున్న. సదువు రాని ఆమెనే అబద్ధం ఆడుతుందనుకున్న."

"తప్పు నాది. ఆమెది కాదు, నీది కాదు."

"నీ తప్పు నీకున్నది. నల్లా కాడ అన్న మాట నాదే కద. అది కూడ నువ్వే రాసిచ్చినవా నాకు?" పంపు పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు. "నడువు."

ఇద్దరం వెళ్లాం. ఆమె చాట పట్టుకొని గడపలోనే నిలబడింది.

"ఇద్దరు ఒక్కపారి వస్తే నేను ఎవని ముచ్చట ఇనాలె?" అని, అతన్ని లోపలికి రమ్మని, నా వైపు తిరిగింది. "నీది చెప్పుడు అయింది. రాసుడు కాలే." తలుపు దగ్గరికి వేసింది.

బయట నిలబడ్డాను. లోపల అతను గొంతు తగ్గించి ఏదో అంటున్నాడు. ఆమె గట్టిగా తిడుతోంది. భూమి పదును కాకుండా గింజ పెట్టిన దొంగ సచ్చినోడా అంటోంది, నీ నోరు పడ అంటోంది, మీ ఆడిది ఎందుకు రావట్లేదని అడుగుతోంది. నల్లా దగ్గర ఆ మాట పడ్డాక ఆమె ఊళ్లో ఎవరినీ తనవాళ్లనుకొని తిట్టలేదట. చాలాసేపు తిట్టింది. తర్వాత గిన్నె చప్పుడు, నీళ్లు పోసిన చప్పుడు వినిపించాయి.

ఆమె చెప్పినట్టే ఇది రాశాను. అచ్చయ్యాక ఆమెకు చదివి వినిపించాలి. నన్ను తిట్టడానికి ఇంకా పిలవలేదు.