పులికాట్ ఒడ్డున స్నేహితురాలు నన్ను గుర్తుపట్టని రోజు

ఈ ప్రయాణానికి కారణం ఒక కొరియా పాటల బృందం. ఏడుగురు కుర్రాళ్లు. వాళ్ల భాష నాకు రాదు. వాళ్ల దేశం మ్యాపులో ఎక్కడుందో కూడా మొన్నమొన్నటి దాకా తెలీదు. బిట్రగుంట రైల్వే కాలనీలో కుట్టుమిషన్ ముందు కూర్చుని జాకెట్లు కుట్టుకునే నాకు వాళ్లెలా తగులుకున్నారని అడుగుతారేమో. చేతులు పనిలో ఉంటే చెవులు ఖాళీగా ఉంటాయి కదా. ఫోన్ దానంతటదే ఒక పాట తర్వాత ఇంకో పాట పెట్టుకుంటూ పోయి, ఒకరోజు వాళ్ల దగ్గర ఆగింది. నేనూ అక్కడే ఆగిపోయాను. నా వయసు యాభై ఆరు. నవ్వేవాళ్లు ఇక్కడే నవ్వేసి ముందుకు రండి, చెప్పాల్సింది చాలా ఉంది.

తెలుగు అభిమానుల గ్రూపులో నా పేరు బుజ్జి. ఇంట్లో నన్ను పిలిచే పేరే అది. చర్చిలో, రేషన్ కార్డులో మాత్రం సలోమి. ఫోటో ఉండాల్సిన చోట బృందంలో అందరికంటే చిన్నవాడి బొమ్మ పెట్టుకున్నాను. వయసెంతని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రేవతి నాకు ఆ గ్రూపులోనే పరిచయమైంది. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలవేట మీద బతికే ఇంటి పిల్ల, డిగ్రీ చదువుతోంది. మాట్లాడుకునేదంతా టైపులోనే. కొత్త పాట వచ్చిందంటే ముందు నాకే రాస్తుంది, మా బృందానికి అవార్డు రావాలని ఫోన్లో రోజూ వేసే ఓటు వేశానా అని అడుగుతుంది. 'ఒసేయ్' అని మొదలుపెట్టి 'పోయి చావు' అని ముగిస్తుంది. మధ్యలో ఉన్నదంతా ప్రేమే. అంత చనువుగా నన్ను తిట్టేవాళ్లు ఈ వయసులో ఇంకెవరున్నారు చెప్పండి?

చలికాలం మొదలయ్యాక రేవతి నుంచి ఒక మెసేజ్ వచ్చింది. 'ఒసేయ్ బుజ్జీ, మా అమ్మ ఫోన్ లాగేసుకుంటానంటోంది. పొద్దస్తమానం నవ్వుకుంటా టైపు చేస్తా ఉంటే ఎవడో అబ్బాయి అనుకుంటోంది. ఒకసారి వచ్చి మొహం చూపించి పోవే. నువ్వు అమ్మాయివేనని కళ్లారా చూస్తే వదిలేస్తుంది.' అమ్మాయినే. కాకపోతే కొంచెం ముందు పుట్టాను. ఆ సంగతి టైపు చేశాను, చెరిపేశాను, మళ్లీ టైపు చేశాను. చివరికి 'వస్తున్నా' అని మాత్రం పంపాను. ఎదురుగా నిలబడి చెప్పడమే మంచిదనిపించింది. వెళ్తే స్నేహం పోతుందేమోనని భయం. వెళ్లకపోతే పాపం దాని ఫోన్ పోతుంది, ఫోన్‌తో పాటు స్నేహమూ పోతుంది.

ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్లను కలవడానికి బయల్దేరేవాళ్లు ఇంట్లో చెప్పి వెళ్లండి. పగటిపూటే వెళ్లండి, ఎక్కడ దిగుతారో ఎవరింటికి వెళ్తారో రాసిచ్చి వెళ్లండి. రైల్వేలో పనిచేసి రిటైరైన మా ఆయనకు అన్నీ చెప్పాను. అంతా విని, "నీ ఏడుగురు కొడుకులకీ చెప్పావా, నాకేనా?" అన్నాడు. అని, టిఫిన్ డబ్బా నీళ్ల సీసా సంచిలో ఆయనే సర్దిపెట్టాడు.

తెల్లవారుజామున చెన్నై వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కాను. దొరవారిసత్రం దాకా టికెట్ యాభై రూపాయల లోపే. మూడు గంటలు అటూ ఇటూ పడుతుంది, ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇవ్వాల్సి వస్తే ఇంకాస్త. ఎడమవైపు కిటికీ పట్టుకోండి, సూర్యుడు అటే వస్తాడు. పెన్నా వంతెన మీదికి వచ్చేసరికి నీళ్లకీ ఆకాశానికీ మధ్య మంచు తెర కట్టి ఉంది. చెవిలో వాళ్ల నెమ్మది పాట ఒకటి నడుస్తోంది. అది వింటూ కిటికీలోంచి చూస్తుంటే ఇసుక, రెల్లు, ఎవరో ఒంటరిగా తోలుకెళ్తున్న గేదెలు, అన్నీ నాకోసమే మెల్లగా కదులుతున్నట్టు అనిపించింది. నాకు తెలియకుండానే పాడేస్తున్నాను కాబోలు, పక్కన కూర్చున్నావిడ మోచేత్తో పొడిచింది.

"ఏం పాటక్కా అది?"

ఇయర్‌ఫోన్ ఒకటి ఆమె చెవిలో పెట్టాను. కాసేపు కళ్లు మూసుకుని వింది.

"బాగుండాది. మాటలు అర్థమవతాయా నీకు?"

"కావు."

"మరెట్టా వింటావు?"

"మా ఆయన మాటలు అర్థమవుతాయి. ఏం లాభం?" అన్నాను. ఇద్దరం గూడూరు దాకా నవ్వుకున్నాం. ఆవిడ అక్కడ దిగిపోతూ పాట పేరు అడిగితే, తన ఫోన్లోనే వెతికి పెట్టిచ్చాను. అభిమానం ఇలా ఒక చెవి నుంచి ఇంకో చెవికి వెళ్తేనే బాగుంటుంది. పక్క బృందం వాళ్లతో కామెంట్లలో కొట్టుకుంటే పెరిగేది మనకు బీపీ ఒక్కటే.

నాయుడుపేట దాటాక చీర కుచ్చిళ్లు సర్దుకోవడం మొదలుపెట్టాను. మా బృందం రంగు లేత ఆకుపచ్చ. ఇద్దరం ఆ రంగు కట్టుకుని రావాలని ముందే అనుకున్నాం. నేను లేత ఆకుపచ్చ నేతచీర కట్టుకున్నాను. దొరవారిసత్రం స్టేషన్ బయట ఆకుపచ్చ చుడీదార్‌లో సన్నగా, రెండు జడలతో ఒక పిల్ల అటూ ఇటూ చూస్తూ నిలబడి ఉంది. నేను చెయ్యి ఎత్తేలోపే నా పక్కనుంచి దూసుకుపోయింది. నా వెనకాల ఆకుపచ్చ చున్నీ వేసుకున్న కాలేజీ అమ్మాయి ఒకతి వస్తోంది. "ఒసేయ్ బుజ్జీ!" అని ఆమెను గట్టిగా వాటేసుకుంది. ఆ అమ్మాయి బెదిరిపోయి, ఎవరు మీరంటూ విడిపించుకుని వెళ్లిపోయింది.

"రేవతీ," అని పిలిచాను.

వెనక్కి తిరిగి నా చీర వైపు, నెరిసిన నా జుట్టు వైపు చూసింది. తర్వాత ఎంతో మర్యాదగా అడిగింది. "బుజ్జి రాలేదా ఆంటీ? మీరు వాళ్లమ్మగారా?"

"నేనే బుజ్జిని."

ఆ ముఖంలో నవ్వు ఆరిపోవడం నేను కళ్లారా చూశాను. దానికంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. 'ఆటో ఉందండీ' అని మాత్రం అంది.

అక్కడి నుంచి సరస్సు ఒడ్డు పల్లెలకు షేర్ ఆటోలున్నాయి, తలకు ముప్పై నలభై తీసుకుంటారు. ఆటో మొత్తం మాట్లాడుకుంటే మూడు వందలు అడుగుతారు. ఊరి పేరు రాయొద్దంది రేవతి, అందుకే రాయడం లేదు. దారంతా మా మధ్య ఇంకో మనిషి కూర్చునేంత ఖాళీ. పొలాలు అయిపోయి, ఉప్పు పేరిన తెల్లటి నేల వచ్చింది. ఆ తర్వాత నీళ్లు. ఎక్కడ నీళ్లు ఆగాయో ఎక్కడ ఆకాశం మొదలైందో తెలీలేదు. దూరంగా గులాబీ రంగు గీతలా ఏదో కనిపిస్తే డ్రైవర్ ఆటో ఆపాడు.

"అయ్యే ఫ్లెమింగోలు మేడమ్. చప్పుడు జెయ్యకుండా చూడండి. మీ పాపకి అలవాటేలే, మీరే కొత్త," అన్నాడు.

"నేను ఈవిడ పాపను కాదన్నా," అంది రేవతి. నిజమే కదా, కానీ నాకు గుచ్చుకుంది. పక్షులు ఒక్కసారిగా లేచి ఎర్రటి రెక్కలు చూపిస్తూ మా మీదుగా వెళ్లాయి. అంత అందమైనది చూస్తూ అంత దిగులుగా నేనెప్పుడూ లేను.

రేవతి వాళ్లమ్మ కామాక్షి వాకిట్లో రొయ్యలు ఒలుస్తోంది. నాకంటే పదేళ్లు చిన్నదే అయ్యుంటుంది. నన్ను చూసి, నా వెనకాల ఇంకెవరన్నా వస్తున్నారేమోనని తొంగిచూసింది.

"ఈయమ్మకా నువ్వు రాత్రీ పగలూ రాసేది?"

"అవునమ్మా," అంది రేవతి నేల చూస్తూ.

కామాక్షి చేతిలో రొయ్య వదిలేసి పకపకా నవ్వింది. గుండె మీద నుంచి బండ దించుకున్నంత నవ్వు. "అమ్మయ్య! ఎవడో అనుకుని నిద్ర లేకుండా చస్తా ఉండా. పెద్దామె! కూచో అక్కా, కూచో, ఎండనబడి వచ్చినావు." క్షణంలో కుర్చీ వచ్చింది, మజ్జిగ వచ్చింది. మధ్యాహ్నానికి రొయ్యల వేపుడు, పీతల పులుసు, పొగలు కక్కే అన్నం. ఆ పులుసు కోసమైనా మీరు ఎవరో ఒకరితో స్నేహం చేసుకుని అక్కడికి వెళ్లాలి. అమ్మ సంతోషించిన కొద్దీ కూతురు ముడుచుకుపోతోంది. నేను సగం తిన్నాక కామాక్షి ఇంకో గరిటె వేపుడు వడ్డించి, గొంతు తగ్గించింది.

"నువ్వన్నా చెప్పక్కా దీనికి. ఆ పాటల పిచ్చి మానుకుని బుద్ధిగా చదువుకోమను. నా మాట ఇనదు. పెద్దదానివి, నువ్వు చెప్తే ఇంటది."

మంచినీళ్లు తెస్తున్న రేవతి అక్కడే ఆగిపోయింది. స్టేషన్ దగ్గర నుంచి మొదటిసారి నా కళ్లలోకి సూటిగా చూసింది. నువ్వు ఎవరి వైపు అన్నదే ఆ చూపు. పెద్దమనిషిగా ఒక్క మాట అనడం ఎంత సులువు! నా పళ్లెంలో వాళ్ల అన్నం ఉంది, నోరారా అక్కా అని పిలిచిన మనిషి ఎదురుగా ఉంది. 'అవునమ్మా రేవతీ, అమ్మ చెప్పినట్టు విను' అంటే చాలు, ఇల్లంతా సంతోషం. బుజ్జి మాత్రం ఆ మాటతోనే చచ్చిపోతుంది.

"చదువుకోమని నేను రోజూ చెప్తానే ఉండా కామాక్షీ. పరీక్షలప్పుడు ఫోన్ ముట్టుకుంటే తిడతా. ఇంట్లో డబ్బులడిగి వాళ్ల సీడీలు కొనొద్దని కూడా చెప్పినా. పాటలు మానమని మాత్రం నేనెట్టా చెప్పేది? నాకూ అదే పిచ్చి."

"ఊరుకో అక్కా. పిల్లదాన్ని కాపాడేదానికి అంటుండావు."

నాకు రోషం వచ్చింది. చెయ్యి కడుక్కుని, వలలు ఆరేసిన వాకిట్లో నిలబడి, ఫోన్లో మాకు ప్రాణమైన పాట పెట్టాను. పాట మొదలయ్యే ముందు ఉత్త వాయిద్యం వినిపించే చోట, అభిమానులు ఏడుగురి పేర్లూ తాళం తప్పకుండా అరవాలి. అది మా ఆచారం. కాలనీలో గూడ్సు బండి పోతున్నప్పుడు తప్ప నేనెప్పుడూ గొంతెత్తి అరవలేదు. చర్చి క్వయర్‌లో ఇన్నేళ్లు పాడిన గొంతు కదా, మొదటి మూడు పేర్లూ సరస్సు దాకా వినిపించాయి. నాలుగో పేరు దగ్గర కంగారుపడ్డాను. పేరు గుర్తు రాలేదు!

గడప దగ్గర నుంచి రేవతి అరిచింది, నాలుగో పేరు. అయిదోది ఇద్దరం. ఆరు, ఏడు ఇద్దరం ఎగిరెగిరి అరిచాం. పక్కింటావిడ ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది. కామాక్షి బోర్లించిన బుట్ట మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేట్టు నవ్వింది.

"మీ ఆయన ఏమీ అనడా అక్కా?"

"అంటాడు. అని, టీ పెట్టి ఇస్తాడు."

"సరేలే. పరీక్షలప్పుడు మాత్రం ఫోన్ నాకాడే ఉంటాది," అంది కామాక్షి. దానికి ఇద్దరం తల ఊపాం.

ఫోన్ దక్కింది. స్నేహం సంగతి ఇంకా తేలలేదు. ఎండ కాస్త తగ్గగానే రేవతి నన్ను ఒడ్డుకు తీసుకెళ్లింది. పడవలన్నీ వచ్చేశాయి. నీళ్లు కదలడం లేదు, మా అడుగుల కింద ఉప్పు పొర చిట్లుతోంది. తనే అడిగింది.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు నాకు మర్యాద ఇచ్చేస్తావని."

"మా క్లాసు అబ్బాయి సంగతి కూడా మీకు చెప్పినా. పెద్దోళ్లకి అట్టాంటివి చెప్తామా? నాకు సిగ్గుగా ఉండదా?"

"అవి నేను పెద్దదానిలాగా వినలేదే రేవతీ. మనకి వాడు వద్దన్నా కదా," అన్నాను. తను నవ్వలేదు. నిన్ను పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదని కూడా చెప్పాను. నేను కుట్టి తెచ్చిన ఆకుపచ్చ సంచి తీసుకుని 'థాంక్సండీ' అంది. నన్ను ఆటో ఎక్కించి వెనక్కి వెళ్లిపోయింది.

తిరుగు రైల్లో చెవుల్లో పాట పెట్టుకోలేదు. బయట పొద్దు వాలుతోంది, నీళ్లు నిలిచిన మడులన్నీ నారింజ రంగుకు తిరిగాయి. ఇక రేపటి నుంచి కుట్టుమిషన్ చప్పుడు ఒక్కటే వినాలి కాబోలు అనుకుంటున్నాను. గూడూరు దాటాక ఫోన్ మోగింది. రేవతి మెసేజ్.

'ఒసేయ్ బుజ్జీ, ఎక్కడ చచ్చావే? ఈ రోజు అవార్డు ఓటు వెయ్యలేదు నువ్వు. మనోళ్లు రెండో స్థానానికి పడిపోయారు. ముసల్దానివైతే మాత్రం ఓటు మర్చిపోతావా? పోయి చావు.'

పెట్టెలో అందరూ చూస్తున్నా ఏడ్చేశాను. ఏడుస్తూనే ఓటు వేశాను.

ఆ రోజు గురించి తర్వాత చాలా ఆలోచించాను. తెర మీద మనం పేరు మార్చుకోవచ్చు, బొమ్మ మార్చుకోవచ్చు. కానీ ఒక పాట విని ఇద్దరికీ ఒకే చోట ఒళ్లు పులకరించిందంటే, ఆ పులకరింత మాత్రం ఎవరూ నటించి తెచ్చుకోలేరు. అయినా వయసు ముందే చెప్పేయండి. ఎదుటి పిల్ల మనసు నొచ్చుకున్నాక చెప్పడం కంటే అది నయం. పెద్దవాళ్లం పిల్లలతో స్నేహం చేస్తే వాళ్ల అమ్మకు తెలిసి చేయాలి. తెలిశాక కూడా ఆ పిల్లల వైపే నిలబడాలి. నాకు ఆ రోజు పీతల పులుసుతో పాటు అర్థమైంది ఇదే.

వెళ్లేవాళ్లకు చివరిగా ఒక సలహా. సరస్సు ఒడ్డున సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, కాబట్టి ఆ రోజు ఓటు దొరవారిసత్రంలో రైలు దిగకముందే వేసేయండి, లేకపోతే తిట్లు తప్పవు. నేను మాత్రం ఎప్పుడు వెళ్లినా మర్చిపోయే వెళ్తాను.