హలో... హలో... కట్ట మీద కుళాయి

మైకు మావయ్య పోయాడని మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. గుడివాడలో నా కుట్టు షాపులో, పెళ్ళివారి జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తున్నాను. అత్తయ్య గొంతు నిదానంగానే ఉంది. "మీ మావయ్య వెళ్ళిపోయాడే. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో అలా వెనక్కి వాలాడు. అంతే" అంది. నిజం చెప్పొద్దూ, ముందు నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. ఆ మాట అనుకున్నందుకు వెంటనే నా మీద నాకే కోపమొచ్చింది. షట్టరు సగం దించి, గుడ్డల మూట మీద కూర్చుని అప్పుడు ఏడ్చాను.

ఆయన నాకు చుట్టం కాదు. దివిసీమలో సముద్రపు గాలి తగిలేంత చివర్న మా ఊరు. పక్కింట్లో ఉండేవాడు గనక మావయ్య, మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు గనక మైకు మావయ్య. పెళ్ళైనా, పోలియో చుక్కలైనా, ఎవరి గేదె తప్పిపోయినా, రేషను షాపుకి కిరసనాయిలొచ్చినా ఆ మైకులోంచే ఊరికి తెలియాలి. ఆయన దగ్గర గరాటాల్లాంటి హారన్లు రెండు ఉండేవి. ఎవరింటికి కట్టినా ఒకటి వాళ్ళ పందిరి వైపు, రెండోది తూర్పున కరకట్ట వైపు తిప్పి కట్టేవాడు. పిలిచినవాళ్ళు "మా పెళ్ళి పాటలు కట్ట మీదోళ్ళకెందుకయ్యా" అని విసుక్కుంటే, "గాలి ఎటూ అటే వెళ్తుందండీ" అనేవాడు. గాలి అటు వెళ్ళని రోజున కూడా అదే మాట.

కట్ట మీద కాలనీ అంటే ఉప్పెనలో ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు వేసుకున్న పాకలు. కూలికెళ్ళేవాళ్ళు, చేపలమ్ముకునేవాళ్ళు. అక్కడ ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. పంచాయతీ పైపు పెద్దబజారు దాకా వచ్చి ఆగిపోయింది. ఆడవాళ్ళు పొద్దునా సాయంత్రం బిందెలెత్తుకుని మంచినీళ్ళ చెరువు దాకా నడిచేవాళ్ళు. అప్పటికే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగొచ్చిన చేపల అత్త కూడా మళ్ళీ బిందె పట్టుకుని బయల్దేరేది. ఆవిడ పేరు మాలో ఎవరికీ తెలీదు, అందరికీ చేపల అత్తే.

తొంభైల మధ్యలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ప్రెసిడెంటు పదవికి నిలబడ్డాయన ఊళ్ళో పెద్ద రైతు, మాట మెత్తన, నవ్వు తియ్యన. ప్రచారం క్యాసెట్టు చెయ్యమని మావయ్యకి చెప్పారు. అప్పటికి నేను ఇంటరు తప్పి ఇంట్లో కూర్చుని, అమ్మ చేత రోజుకో నాలుగు తిట్లు తింటున్నాను. మావయ్య వచ్చి, "అమ్మాయి గొంతు బాగుంటుందమ్మా, ఊరికే తిట్టించుకోడానికి వాడుతోంది, నాకు రెండు గంటలు పంపు" అన్నాడు. బయటి చప్పుళ్ళు రాకుండా తన షాపు గుమ్మానికి బొంత వేలాడదీసి, కొట్టివేతలూ దిద్దుబాట్లూ ఉన్న కాగితం నా చేతికిచ్చి చదవమన్నాడు. మధ్యలో కుక్క మొరిగితే మళ్ళీ మొదట్నుంచి చదివాను. అందులో ఒక వాక్యం: "కట్ట మీద కాలనీకి వచ్చే ఎండాకాలంలోగా ఇంటింటికీ కుళాయి ఇస్తాం."

ఆయనగారు స్వయంగా వచ్చి, గోళీసోడా తాగుతూ క్యాసెట్టు రెండుసార్లు విన్నారు. అమ్మాయి గొంతు భలే ఉంది, ఇదే తిప్పండి అన్నారు. మూడు వారాలు రిక్షాలో నా గొంతు ఊరంతా తిరిగింది. నా టెక్కు చూడాలి అప్పుడు. పచారీ కొట్లో ఉప్పు అడిగినా మైకులో మాట్లాడినట్టే అడిగేదాన్ని. మావయ్య మాత్రం ఒకసారి నన్ను ఆపి, "అమ్మాయ్, హారనుకి నోరు లేదు. జనం గుర్తుపెట్టుకునేది నీ గొంతుని. ఆయన మాటే గానీ, చెప్పింది నువ్వు. జాగ్రత్త" అన్నాడు. ఏం జాగ్రత్తో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆయన గెలిచారు. ఎండాకాలం వచ్చింది. కుళాయి రాలేదు.

కట్ట మీద ఆడవాళ్ళు ప్రెసిడెంటు గారి గేటు దగ్గరికి వెళ్ళలేదు. మా ఇంటికొచ్చారు. చేపల అత్త ఖాళీ బిందె మా అరుగు మీద బోర్లించి దాని పక్కనే కూర్చుంది. కోపంగా కూడా అనలేదు. "నువ్వేగా చెప్పావు పిల్లా. నీ గొంతు విని మా కాలనీ అంతా ఓటేసింది. ఏదీ కుళాయి?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి బస్సుకి వెళ్ళాలన్నా కట్ట దారి వదిలేసి చేల గట్ల మీద చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. అన్నం ముందు కూర్చుంటే గ్లాసులో నీళ్ళు నన్నే చూస్తున్నట్టుండేవి.

మావయ్య నన్నూ చేపల అత్తనీ వెంటబెట్టుకుని ప్రెసిడెంటు గారింటికి తీసుకెళ్ళాడు. వాళ్ళ మనిషి లోపలికెళ్ళి కార్బను కాపీ పట్టుకొచ్చాడు. తాము రాసిచ్చిన కాగితానికి కాపీ అది. అందులో ఏముందో మా ముందే చదివాడు: "ఇంటింటికీ కుళాయి ఇచ్చేలా చూస్తాం." ప్రెసిడెంటు గారు నవ్వి, మేం చూస్తామనే అన్నాం, పిల్ల తప్పు చదివింది, పోనీలెండి చిన్నపిల్ల అన్నారు. నాకు భూమిలోకి దిగిపోతే బాగుండనిపించింది. ఒక్క మాట తప్పు చదివి ఇంతమందిని నమ్మించానా అనుకున్నాను.

"తప్పు పిల్లది కాదండీ. నాది" అన్నాడు మావయ్య.

తర్వాత నెమ్మదిగా, చేతులు కట్టుకునే అన్నాడు. మీరు రెండుసార్లు విన్నారు, కాదనలేదు. కట్ట మీదకి ఓట్లడగడానికొచ్చినప్పుడు కుళాయి ఇస్తారంటగా అని వీళ్ళడిగితే దణ్ణం పెట్టి తలూపారు, పక్కనే హారను కడుతూ నేను చూశాను అన్నాడు. ప్రెసిడెంటు గారి నవ్వు కాస్త తగ్గింది. సర్లే, చూద్దాంలే అన్నారు.

తిరిగొస్తూ మావయ్య, "చూస్తాం అంటే ఏంటో తెలుసా? చూస్తూ కూర్చుంటాం అని" అన్నాడు. చేపల అత్త ఫక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను చదివిన కాగితం ఏదని అడిగాను. ఉంటుందిలే అన్నాడు. నన్ను కాపాడ్డానికి తప్పు తన నెత్తిన వేసుకున్నాడనుకుని, ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. మా ఇళ్ళలో అలాంటి అలవాటు లేక ఊరుకున్నాను.

ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి. మైకు కట్టేవాళ్ళంతా ఏమంటారో మీకు తెలుసు: హలో, హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ. మా మావయ్య వన్ టూ త్రీ మానేశాడు. వడుగైనా, ఓణీల ఫంక్షనైనా, స్కూలు వార్షికోత్సవమైనా ఆంప్లిఫయరు వెయ్యగానే ఆయన గొంతు వినిపించేది: "హలో... హలో... కట్ట మీద కుళాయి... హలో... కట్ట మీద కుళాయి..." అంతే. తిట్టడు, నిలదియ్యడు, ఇంకో ముక్క కలపడు. ముందు వరసలో ప్రెసిడెంటు గారుంటే రెండుసార్లు ఎక్కువ టెస్టింగు. పిల్లలకి అది ఆటైపోయింది. బళ్ళో ప్రార్థనకి ముందు కూడా హలో కుళాయి అనేవాళ్ళు.

ప్రెసిడెంటు గారి వాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళిళ్ళల్లో ఫంక్షన్లకి బందరు నుంచి మైకు సెట్టు తెప్పించుకోవడం మొదలెట్టారు. వాళ్ళని చూసి ఇంకో పది ఇళ్ళు. హారన్లు షాపులో బూజు పట్టాయి. అత్తయ్య నా మీద విరుచుకుపడింది, నీ గొంతు తగలెయ్యా, మా పొయ్యి ఆరిపోతోందే అని. మావయ్య వినీ విననట్టు హారన్ల బూజు దులుపుతూ, "మైకు అద్దెకిచ్చాను గానీ నోరు అద్దెకివ్వలేదే" అన్నాడు. అత్తయ్యకి ఒళ్ళు మండి లోపలికెళ్ళిపోయింది. ఆ పూట మా ఇంటి నుంచి పులుసు గిన్నె వాళ్ళింటికెళ్ళింది, ఎవరూ ఏమీ అనుకోలేదు.

మరుసటి ఎండాకాలం ముందు ప్రెసిడెంటు గారమ్మాయికి తాంబూలాలు. పెళ్ళివారు గుడివాడ నుంచి మూడు కార్లలో దిగారు. బందరు నుంచి తెచ్చిన సెట్టు మా ఊరి ఓల్టేజికి తట్టుకోలేక పొగ చిమ్మి ఊరుకుంది. ఇహ గతి లేక మావయ్యకి కబురొచ్చింది. వెళ్ళాడు. ఒక హారను పందిరి వైపు, ఒకటి కట్ట వైపు. మైకు తీసి, "హలో... హలో... కట్ట మీద కుళాయి" అన్నాడు.

నేనూ వంటల దగ్గర ఆకులు తుడుస్తూ అక్కడే ఉన్నాను. కాబోయే వియ్యంకుడు తలెత్తి, ఈ కుళాయేంటి బావగారూ అని అడిగాడు. ప్రెసిడెంటు గారి మొహం చూడాల్సిందే. వియ్యంకుడి ముందు చిన్నబోవడం ఇష్టం లేక గబగబా, "అదా, మన కాలనీకి కుళాయి బావగారూ. ఇచ్చేస్తున్నాం, వచ్చే నెల్లోనే" అన్నారు. మావయ్య టెస్టింగు చేసి పెట్టిన మైకు ఆయన ముందున్న బల్ల మీదే ఉంది. ఆన్‌లో ఉంది. ఆ మాట పందిరంతా మోగింది, కట్ట మీద కూడా మోగింది. మావయ్య వంగి మైకు స్విచ్చి ఆపేసి, పాటల క్యాసెట్టు పెట్టాడు.

మర్నాడు పొద్దున కట్ట మీద ఆడవాళ్ళంతా ప్రెసిడెంటు గారి గేటు ముందుకొచ్చారు. దెబ్బలాటకి కాదు, బంతిపూల దండతో. చేపల అత్త ఆయన మెళ్ళో వేసి, వచ్చే నెల్లో మీ చేత్తోనే తిప్పాలి బాబూ అంది. ఇక ఆ దండ మెళ్ళో పడ్డాక ఎక్కడికి పోతారు. వచ్చే నెల కాదు గానీ ఆపై నెలకి పైపులు దిగాయి. ముందు కుళాయి దగ్గింది, ఎర్రటి నీళ్ళు కక్కింది, తర్వాత తెల్లటి ధార వచ్చింది. చేపల అత్త దోసిలి పట్టి తాగి, తడి చేత్తోనే నా గడ్డం పట్టుకుని, "మాట నిలబెట్టావే" అంది. గుండెల మీద బరువు దిగిపోయింది. ఆ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం కలుపుకుని తిన్నాను. బస్సుకి కట్ట దారినే వెళ్ళాను.

ఆ తర్వాత కుట్టు నేర్చుకుని, పెళ్ళయి గుడివాడ వచ్చేశాను. అయితే ఆ తప్పు మాత్రం నాలో ఉండిపోయింది. ఏ కాగితమైనా రెండుసార్లు చదువుతాను, కొలతలు మూడుసార్లు తీస్తాను, గిరాకీలు నవ్వుతారు. ఊరెళ్ళినప్పుడల్లా, "ఆ రోజు నా తప్పు నీ మీద వేసుకున్నావు మావయ్యా" అనేదాన్ని. "నువ్వు సరిగ్గానే చదివావమ్మా" అనేవాడు. మంచితనం కొద్దీ అంటున్నాడనుకునేదాన్ని.

పెద్దకర్మకి వెళ్తే అత్తయ్య ఒక క్యాసెట్టు డబ్బా నా చేతిలో పెట్టింది. తను పోయాక నీకిమ్మని ఎప్పుడో చెప్పి ఉంచాడే అంది. అదే క్యాసెట్టు. డబ్బాలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. అందులో "ఇచ్చేలా చూస్తాం" అన్నది పెన్నుతో కొట్టేసి, పైన మావయ్య గుండ్రటి అక్షరాల్లో "ఇస్తాం" అని ఉంది. నేను సరిగ్గానే చదివాను. ఇన్నేళ్ళూ ఆ మనిషి ఉన్నదున్నట్టు చెబుతూనే ఉన్నాడు, తప్పు తనదేనని, నేను సరిగ్గానే చదివానని. నేనే నమ్మలేదు. చావింట్లో నవ్వకూడదంటారు గానీ నవ్వొచ్చేసింది. నాతోపాటు అత్తయ్యకీ వచ్చింది.

నాకు తెలుసే అంది ఆవిడ. ఆ కాగితమిచ్చిన రోజు పొద్దున కట్ట మీద హారను కట్టడానికెళ్ళి ఎవరింట్లోనో మంచినీళ్ళడిగాడట. ఆ ఇల్లాలు గ్లాసులో సగం పోసిచ్చి, తాగగా మిగిలిన రెండు చుక్కలు చెట్టు మొదట్లో పోసుకుందట. ఇంటికొచ్చి కాగితం చూసి, చూస్తాం అని చదివించడానికి నాకు నోరు రావట్లేదే అన్నాడట. ఒకళ్ళ మాట ఇంకొకళ్ళు మార్చడం న్యాయమా అని మీరు అడగొచ్చు. నేనూ తర్వాత ఒకరోజంతా ఆలోచించాను. నాకైతే ఆయన మీద కోపం రాలేదు, రాదు.

పెద్దకర్మ సాయంత్రమే బడి వరండాలో సంతాప సభ పెట్టారు. ఇప్పటి ప్రెసిడెంటు గారు వేరే మనిషి, కుర్రాయన. మావయ్య గురించి బాగానే మాట్లాడి, చివర్న, కట్ట మీద వీధి దీపాలు వేయించేలా చూస్తాం అన్నారు. జనంలోంచి చేపల అత్త, ముసలిదైపోయింది పాపం, కళ్ళజోడు పైకి తోసుకుని నా వంక చూసింది. తర్వాత మాట్లాడాల్సింది నేనే. మైకు అందుకున్నాను. మావయ్యలాగే వేలితో మైకు తట్టాను.

"హలో... హలో... కట్ట మీద వీధి దీపాలు... హలో..."

వరండా అంతా ఒక్కసారిగా నవ్వింది. ప్రెసిడెంటు గారు కూడా నవ్వబోయి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. తలెత్తి చూస్తే, వరండా స్తంభానికి ఎవరు కట్టారో గానీ మావయ్య పాత హారన్లే కట్టారు. రెండోది కట్ట వైపే తిరిగి ఉంది.