ఇంతకూ వాళ్లు తిన్నరా?

ఆజం భాయ్ ఏ పుస్తకం ఇచ్చినా చదువుతాడు. అట్ట నుంచి అట్ట దాకా చదువుతాడు. చదివాక మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేస్తాడు: "అంత మంచిగనే ఉన్నది గని, ఇంతకూ వాళ్లు తిన్నరా?"

అది ప్రేమకథ కానీ, యుద్ధం కథ కానీ, ఆయనకు తేడా లేదు. ఒకసారి దయ్యాల నవల చదివాడు. అందరూ దయ్యం గురించి మాట్లాడుకుంటుంటే ఆయన దయ్యాన్ని పక్కన పెట్టి, ఆ పాడుబడ్డ బంగళాలో మూడు రోజులు ఇరుక్కున్న మనిషికి వంట ఎవరు చేశారని ఆరా తీశాడు.

ఈ ఆరాలన్నీ "ఖేడ్ పుస్తకాల ముచ్చట్లు" అనే వాట్సాప్ గ్రూపులో జరిగేవి. నారాయణఖేడ్‌లోనూ చుట్టుపక్కలా ఉన్న నలభై ఆరుగురు చదువరులు అందులో సభ్యులు. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే రజిత దానికి అడ్మిన్. ఆజం రిటైరైన బస్సు డ్రైవరు. స్టీరింగు వదిలాకే పుస్తకం పట్టాడు. గ్రూపులో చేరిన మొదటి వారమే తన పద్ధతేమిటో చెప్పేశాడు.

"మేడం, నేను ముప్పై ఏండ్లు బస్సు తోలిన. హైదరాబాద్ పోయేటప్పుడు జోగిపేటల టిఫిన్‌కు పది నిమిషాలు ఆపకుంటే ప్యాసింజర్లు కొట్టనీకొస్తుండె. ఈ రైటరు రెండొందల పేజీలు యాడ ఆపకుండ తోలిండు. గిదేం డ్రైవింగు?"

రజిత నవ్వుకుని ఊరుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు.

గ్రూపులో విక్టర్ అని ఒకాయన ఉన్నాడు. విత్తనాల దుకాణం నడుపుతాడు, మిగతా సమయమంతా విమర్శకుడు. ఆయన సందేశం పూర్తిగా చదవాలంటే "ఇంకా చదవండి" అన్నదాన్ని నాలుగుసార్లు నొక్కాలి. ఒక నవలలో నాయిక ఊరికే కళ్లు తిరిగి పడిపోతుంటుంది. అది ఆధునిక స్త్రీ అంతరంగంలోని శూన్యమని విక్టర్ ఒక ఆదివారం పొద్దున్నే పెద్ద వ్యాసం పెట్టాడు. చదివిన వాళ్లంతా దండాలు పెట్టారు. కింద ఆజం రాశాడు: "రెండో చాప్టర్ల ఛాయ్ తాగింది. ఏడో చాప్టర్ దాక మల్ల ఏం ముట్టలే. గది శూన్యం గాదు విక్టరన్నా, ఆకలి."

"ఆజం సాబ్ చెప్పింది కరెక్టు," అని ఎలీసబెతమ్మ వెంటనే జోడించింది. ఆమె దవాఖానలో ముప్పై అయిదేళ్లు నర్సుగా చేసింది. "గట్లాంటి కేసులు మస్తు చూసిన. గ్లూకోజు పెడితే లేచి కూసుంటరు."

నాగల్‌గిద్ద నుంచి సంగమేశ్ కూడా అందుకున్నాడు. కంది రైతు, సగం ముచ్చట కన్నడంలోనే చెప్తాడు. "మా దిక్కు ఎవరు ఎదురైనా ముందుగాల 'ఊట ఆయ్తా' అంటం. అన్నం తిన్నవా అని. పుస్తకంల మనిషి మాత్రం మనిషి గాదా?"

ఆ రోజు విక్టర్ మధ్యాహ్నం దుకాణం మూసి పడుకున్నాడు.

అంతకంటే పెద్ద గొడవ హత్య నవలతో వచ్చింది. బంగళాలో హత్య, పదకొండు మంది అనుమానితులు. అందరూ నెమ్మదిగా రోజుకు ఇరవై పేజీలు చదువుతూ ఊహించుకుంటున్నారు. మూడో రోజే ఆజం గ్రూపులో పెట్టేశాడు: "చంపింది బావమరిది."

"ముందే చివరి పేజీ చదివినవా?" అని అందరూ మీద పడ్డారు.

"అల్లా తోడు, చదువలే. సావు ఇంట్ల ఎవరు నోట్లె మెతుకు పెట్టలే. ఆయనొక్కడే రెండుసార్లు పెరుగు పోయించుకున్నడు."

చివరి పేజీలో పోలీసులు పట్టుకుపోయింది బావమరిదినే. తర్వాత ఆ నవల ఎవరూ చదవలేదు. పన్నెండు మంది రజిత ఇచ్చిన పుస్తకాలు ఒకేసారి తెచ్చి ఆమె బల్ల మీద పడేసిపోయారు.

ఇన్ని జరిగినా రజిత ఓర్చుకుంది. కానీ కరీంనగర్ నుంచి ఒక రచయిత్రి గ్రూపుతో వీడియోలో మాట్లాడటానికి ఒప్పుకున్నప్పుడు ఆమెకు నిజంగా భయం పట్టుకుంది. ఆ ఒప్పుకోలు కోసం నెల రోజులు తిరిగింది మరి. అందుకే ముందు రోజు ఆజం ఇంటికి వెళ్లి కూర్చుంది.

"ఆజం భాయ్, రేపు ఒక్కరోజు..."

"నోరు తెరువ మేడం."

"టైపు చేస్తననొద్దు."

"చెయ్యి గూడ కదుప. ఒట్టు."

లోపల నుంచి ఆయన భార్య నజ్మున్నీసా నవ్వింది. "టీచరమ్మా, ఈయన మాట నమ్మకు. మా నిఖా నాడు ఖాజీ సాబ్ 'కుబూల్ హై?' అని అడిగిండు. ఈయనేమన్నడో ఎరుకేనా? 'ఖాజీ సాబ్, మీరు తిన్నరా?' అన్నడు. నేను పర్దా ఎనుక కూసోని పరేషాన్."

ఆదివారం సమావేశం అద్భుతంగా సాగింది. యాభై నిమిషాలు ఆజం మాట ఇచ్చినట్టే బిగుసుకుపోయి కూర్చున్నాడు. తెర మీద ఆయన పేరు పక్కన ఎత్తిన చేతి బొమ్మ మాత్రం వెలుగుతోంది, ఆరుతోంది, మళ్లీ వెలుగుతోంది.

"ఆజం గారూ, చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి దించుతున్నారు. అడగండి," అంది రచయిత్రి.

"వద్దు మేడం. ఒట్టేసిన."

"పాఠకుల కంటే నాకు ఎవరెక్కువండీ? అడగండి."

ఆజం గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. రజిత కళ్లు మూసుకుంది.

"మేడం, నూట పద్నాలుగో పేజీల బాలవ్వ జొన్నరొట్టె చేసి పెంక మీద వేసింది. గప్పుడే తలుపు కొట్టిండ్రు. పోయింది. పోయింది పోయినట్టే, మల్ల పొయ్యి దిక్కు రాలే. ఆ రొట్టె ఏమైంది?"

రచయిత్రి తన పుస్తకమే తీసి అటూ ఇటూ తిప్పింది. "అయ్యో," అంది. "నేను మర్చేపోయాను."

ఇక ఎవరూ ఆగలేదు. పొయ్యి మంట అట్లా వదిలితే ఇల్లంటుకుంటుందని ఎలీసబెతమ్మ. నాలుగు నిమిషాల్లో మాడుతుందని సంగమేశ్. కాదు, ఆరు పడుతుందని ఇంకొకరు. సంగమేశ్ ఫోను పట్టుకుని పొయ్యి దగ్గరికే వెళ్లి, నిజంగా రొట్టె వేసి, గడియారం పెట్టాడు. పుస్తకాలు రాసే మనిషి, చదివే మనుషులు అందరూ కలిసి ఊపిరి బిగబట్టి ఒక రొట్టె మాడటం చూశారు. అయిదు నిమిషాలు పట్టింది. రచయిత్రి అది రాసుకుంది. సమయం అయిపోయింది.

విక్టర్ రాసి పెట్టుకున్న పద్నాలుగు ప్రశ్నలు కాగితం మీదే ఉండిపోయాయి. సాయంత్రానికి రజితకు ఆయన సందేశం వచ్చింది, ఆయన జీవితంలో రాసినవాటిలో అన్నిటికంటే చిన్నది: "గ్రూపుల ఆయనన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

రజితకూ ఒళ్లు మండింది. నెల రోజుల కష్టం ఒక రొట్టెతో పాటే మాడిపోయింది. ముఖం మీదే చెప్పి ఆజంను గ్రూపులోంచి తీసేద్దామని సోమవారం మధ్యాహ్నం కాలేజీ విరామంలో స్కూటీ తీసింది.

"లైబ్రరీల ఉంటడు," అంది నజ్మున్నీసా. "నెల సంది గదే పని. ఒంటిగంట కొట్టంగనే డబ్బా పట్టుకొని ఉరుకుతడు. చదివింది సమజ్ గాదంట, ఆడ ఎవరో చెప్తరంట. నాలుగు రొట్టెలు తినేటోడు, ఎనిమిది కట్టు అంటుండు. కడుపు చూస్తే అట్లనే ఉన్నది, యాడికి పోతున్నయో!"

లైబ్రరీ వెనక మెట్ల మీద ఆజం కూర్చుని ఉన్నాడు. మధ్యలో డబ్బా తెరిచి ఉంది. పప్పు, పుంటికూర, ఎల్లిపాయ కారం. ఎదురుగా రోజ. గ్రూపులో అందరికంటే చిన్నది, ఇరవై రెండేళ్ల పిల్ల. అమ్మానాయనలు హైదరాబాద్‌లో కూలి పనికి పోతే, సిర్గాపూర్‌లో నాయనమ్మ దగ్గర ఉంటోంది. తెల్లారి మొదటి బస్సుకే వచ్చి, సాయంత్రం దాకా ఇక్కడే ఉద్యోగ పరీక్షకు చదువుతుంది. ఇప్పుడు మాత్రం ఒక చేత్తో రొట్టె తింటూ, రెండో చేత్తో నవల ఆజం ముఖం ముందు ఊపుతోంది.

"చాచా, నిన్న గూడ చెప్పిన గద! రాజలింగం ఆమె తమ్ముడు. మొగడు గాదు!"

"అరె, తమ్ముడా? నేను మొగడనుకున్న."

"మొగడైతే రాఖీ ఎట్ల కడ్తది చాచా? జర దిమాక్ పెట్టుండ్రి!" అని విసుక్కుని, రజితను చూసి లేచింది. "రాండ్రి మేడం. ఈ చాచాకు చెప్పి చెప్పి నా గొంతు ఎండిపోతుంది. నీళ్లు తెస్త." సీసా పట్టుకుని నల్లా వైపు వెళ్లింది.

రజిత నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆజం భాయ్, ఏ పేజీల రొట్టె ఉన్నదో యాది ఉన్నది. తమ్ముడెవరో మొగడెవరో తెల్వదా?"

"మెల్లగ, మేడం, మెల్లగ." ఆయన నల్లా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఒంటిగంట నుంచి రెండు దాక మన గ్రూపు సప్పుడు చేయదు. మీరు చూసిండ్రా? అందరు తింటుంటరు. చేతికి కూరుంటే ఫోనెవరు ముడతరు? గీ పిల్ల ఒక్కతే గా టైముకు పేజీలు పేజీలు టైపు చేస్తుండె. రెండు చేతులు ఖాళీగ ఉన్నయంటే ఏందన్నట్టు?"

రజిత నడుం మీది చేతులు దించింది.

"తిన్నవా బిడ్డా అంటే తిన్న అంటది. ఏం కూర అంటే పప్పు అంటది. ఇరవై రోజులు పప్పేనా మేడం? డబ్బా తెచ్చి పెడితే ముట్టలే, కోపానికి వచ్చింది. అందుకని నాకు పుస్తకం సమజ్ గాదు, జర చెప్పు, చెప్పేటోళ్లకు అన్నం పెట్టకుంటే పాపం తగుల్తదన్న. గిప్పుడు ఎట్ల దబాయిస్తుందో చూసిండ్రు గద!" అన్నాడు, దబాయింపు తినడం గొప్ప బిరుదైనట్టు.

అప్పుడే రజిత ఫోను మోగింది. విక్టర్ గ్రూపులో పెట్టాడు: "నేను గ్రూపు విడిచిపోతున్న. పోయేముందు కారణాలు చెప్త. కారణం ఒకటి." ఆమె చూస్తుండగానే రెండు వచ్చింది, మూడు వచ్చింది. నాలుగో కారణం దగ్గర సంగమేశ్ ఏదో సందేహం అడిగాడు. దానికి జవాబివ్వాలంటే విక్టర్ కనీసం వారం ఉండాల్సిందే. రజిత ఫోను సంచిలో వేసింది.

రోజ నీళ్లతో వచ్చి కూర్చుంది. రజిత ఇంకా నిలబడే ఉండటం చూసి, ఏదో అర్థమైనట్టు మెత్తగా అంది. "మేడం, మీకు గూడ ఏమన్న సమజ్ గాకుంటే అడుగుండ్రి. నేనేమనుకోను."

రజిత చెప్పులు విడిచి మెట్టు మీద కూర్చుంది. ఆజం డబ్బాలోంచి ఒక రొట్టె తీసి, కూర పెట్టి, ఆమె చేతిలో పెట్టాడు.

"ఆ రాజలింగం ఉన్నడు గద రోజా," అంది తెలుగు లెక్చరరు. "ఆమెకు మొగడా, తమ్ముడా? నాకు సరిగ్గ తెల్వలే."

రోజ నెత్తి పట్టుకుంది.

"ఇగ ఇద్దరు దగ్గరికి జరుగుండ్రి," అని మొదటి పేజీకి తిప్పింది.