క్యాంపస్ సీతాఫలం

మొన్న విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్ళినప్పుడు, చిన్నప్పుడు తిరిగిన యూనివర్సిటీ క్యాంపస్ చూడాలనిపించి తార్నాకలో దిగాను. లోపల సీతాఫలం చెట్టు కనిపించగానే, అరవై దాటిన సంగతి మరిచిపోయి కాయ మీద చెయ్యి వేశాను.

"ఏంది సార్ గది?" అన్నాడు వెనక నుంచి ముసలి వాచ్‌మన్.

సిగ్గేసింది. "చిన్నప్పుడు లాలాపేట్ నుంచి వచ్చి ఇక్కడే కాయలు దొంగిలించేవాళ్ళం. వాచ్‌మన్ కర్రతో తరిమేవాడు" అని చెప్పుకొచ్చాను.

"గీడికొచ్చే పెద్దమనుషులందరు గదే ముచ్చట చెప్తరు. గప్పుడు దొంగలు గానోళ్ళు ఎవరన్న ఉండెనా సార్?" అని నవ్వి, కళ్ళు విచ్చిన కాయొకటి తెంపి నా చేతిలో పెట్టాడు. తర్వాత కర్ర పైకెత్తాడు.

"ఇగ ఉరుకుండ్రి. తరమకుంటె మీకు తిన్నట్టే ఉండదు."

మోకాళ్ళ నొప్పితోనే గేటు దాకా పరిగెత్తాను.